శ్రీశైల యాత్రకు ముందు బండికి కందెన

కార్తికమాసము వచ్చినదనగానే మన యిండ్లలో యాత్రల మాట పుట్టుచుండును. దీపములు, ఉపవాసములు, వనభోజనములతోపాటు "ఈ యేడైనను మల్లన్నను చూచి రావలెను" అను కోరిక వృద్ధుల నోట వినవచ్చును. మా యింట నా కోరిక రెండేండ్లుగా తీరక మిగిలియుండెను. గడచిన కార్తికమున నది తీరినది. ఆ యాత్రను గూర్చియు, అంతకంటె ముఖ్యముగా యాత్రకు ముందు మేము చేసికొనిన యొక చిన్న సన్నాహమును గూర్చియు సోదరీమణులకు నాలుగు మాటలు మనవి చేయదలచితిమి. క్షేత్రమాహాత్మ్యములను దెలుపు పుస్తకములు పెక్కు కలవు. కారు బానెట్టు క్రింద నేమున్నదో స్త్రీలకు దెలుపువారు మాత్రము అరుదు.

మేము గుంటూరు నివాసులము. అచటినుండి శ్రీశైలమునకు రమారమి 220 కిలోమీటరులు. నరసరావుపేట, వినుకొండ, త్రిపురాంతకము, దోర్నాల దారిలోని ముఖ్యమైన యూళ్లు. దోర్నాల దాటిన పిదప ఏబది కిలోమీటరుల వరకు నల్లమల యడవియే. ఎక్కుడులు, దిగుడులు, ఒకదాని వెనుక నొకటిగా వచ్చు మలుపులు. ఈ యడవిని 1983వ సంవత్సరమున పులుల సంరక్షణకై ప్రత్యేకించిరి. రాత్రివేళ నీదారిని వాహనములను పోనియ్యరు. చాలచోట్ల ఫోనులు పలుకవు. అట్టి త్రోవలో బండి నిలిచిపోయినయెడల నేమగునో మేము రెండేండ్ల క్రిందట చవిచూచితిమి.

ఆ యేడు మా చిన్నమ్మాయికి విషజ్వరము తగిలి మూడు వారములు మంచము పట్టెను. అత్తగారు పసుపుగుడ్డలో పదునొకండు రూపాయలు ముడుపు గట్టి, బిడ్డ లేచి తిరిగినచో స్వయముగా వచ్చి మల్లన్నకు సమర్పించుకొందునని మ్రొక్కుకొనిరి. బిడ్డ కోలుకొనెను. కార్తికమున అందఱము కలిసి బయలుదేరితిమి. కారులో ఆరుగురము, వెనుక సామాను, పైన పెట్టె. దోర్నాల దాటి ఘాటురోడ్డు ఎక్కుచుండగా ముందరి పలకపై వేడిని చూపు ముల్లు పైకి ప్రాకెను. మేము దానిని చూచితిమి గాని దాని భావ మెఱుగము. మరి రెండు మలుపులు తిరుగునప్పటికి బానెట్టు సందులనుండి తెల్లని యావిరి బుస్సున లేచెను.

బండి ప్రక్కకు దీసి నిలిపితిమి. మా మరిది బానెట్టెత్తి, చేతిగుడ్డ చుట్టుకొని రేడియేటరు మూత త్రిప్పబోయెను. అంతలో వెనుకనుండి వచ్చిన లారీ ఆగెను. డ్రైవరు క్రిందికి దుమికి, "ఆగు తమ్ముడూ! మూత ముట్టుకోకు, మొహం కాలిపోతుంది!" అని అఱచుచు వచ్చి చేయి పట్టి లాగెను. ఆ యన్న మాకు పేరైనను చెప్పలేదు. గంటకు పైగా అందఱము రోడ్డు ప్రక్కనే యుంటిమి. మధుమేహముగల అత్తగారు ఒక రాతిపై గూర్చుండి, ముడుపును కొంగున ముడివైచుకొని, పెదవులు కదపుచుండిరి. కోతులు చేరి సంచులు లాగుచుండెను. బండి చల్లారిన తరువాత డ్రైవరు తన డబ్బాలోని నీరుపోసి, ఊడిన రబ్బరు పైపును తీగెతో బిగించి, "పైకి పోవద్దు, మెల్లగా దోర్నాలకు దిగండి. తొందరగా పోతే చీకటి పడకముందే చేరుదురు" అని చెప్పి వెడలిపోయెను.

ఆ రాత్రి దోర్నాలలో తలదాచుకొని మఱునాడు గుంటూరు చేరితిమి. ముడుపు మరల దేవుని గూటిలోనికే పోయెను. అత్తగారు మమ్ము నొక్కమాటయు ననలేదు. అనకపోవుటయే మాకు ఎక్కువ బాధయైనది. తరువాత మేస్త్రీ చూచి చెప్పినదేమనగా, పైపునకు వేయు క్లిప్పు నెలల తరబడి వదులై, బొట్టుబొట్టుగా కారి, కూలెంటు తొట్టి ఎన్నడో ఎండిపోయినదట. ఆ తొట్టి తెల్లని ప్లాస్టిక్కుది. బయటినుండి చూచినను లోపల నెంత యున్నదో కనబడును. చూడగలిగినవారు ఇంట నలుగురము. చూచినవారు ఒక్కరును లేరు.

ఈ యేడు కార్తికము సమీపించినప్పుడు అత్తగారికి డెబ్బది యెనిమిదవ యేడు. ఒకనాటి సాయంకాలము తులసికోట కడ దీపము పెట్టి వచ్చి, "అమ్మాయీ, ఈసారి కారుకు కందెన వేయించితిరా?" అని యడిగిరి. పిల్లలు ఘొల్లున నవ్విరి. కందెన యన నేమో వారెఱుగరు. అత్తగారు వారిని చెంత గూర్చుండబెట్టుకొని చెప్పిరి. ఆమె పుట్టినిల్లు నరసరావుపేట దగ్గఱి పల్లె. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు ఆమె తండ్రి ప్రభకట్టుకొని ఎడ్లబండిపై పోయెడివాడట. ముందునాటి రాత్రియే బండిచక్రములూడదీసి, ఇరుసు తుడిచి, ఆముదమును, కాల్చిన గడ్డిమసియు కలిపి నూరిన కందెనను పట్టించెడివాడట. మిగిలిన కందెన వెదురు గొట్టములో పోసి బండి క్రింద వ్రేలాడగట్టెడివాడట. "కందెన పెట్టనిదే మా నాయన బండి కట్టనిచ్చేవాడు కాదు. ఎడ్లకు నోరు లేదు, ఇరుసుకు నోరుంది. కిఱ్ఱుమంటే మనిషికి సిగ్గు అనేవాడు" అని చెప్పి, "మీ కారు ఇరుసు కిఱ్ఱుమనదు గదా, మఱి దానికి కావలసినది మీకెట్లా తెలుస్తుంది?" అని మమ్ము ప్రశ్నించిరి.

ఆ ప్రశ్నకు మాయొద్ద జవాబు లేకుండెను. ఇంట కారు నడపునది మావారును, మేమును. నెలకొకమాఱు వంటగ్యాసు గొట్టము చూచుకొందుము. బియ్యపు డబ్బాలో పురుగు పట్టినదా యని వారమునకొకమాఱు చూతుము. పిల్లల గోళ్లు చూతుము. ఆరుగురి ప్రాణములను మోయు బండిమూత ఎత్తి చూచుట మాత్రము ఎవరో మేస్త్రీ పనియని యూరకుంటిమి. మఱునాడే మా వీధి చివరనున్న ముసలి మేస్త్రీగారి కడకు పోయి, "మాకు నేర్పుడు" అని యడిగితిమి. ఆయన మొదట నమ్మలేదు. పిదప చీపురుపుల్లతో నేలపై గీతలు గీచి, పాఠశాలలో పంతులవలె చెప్పెను. అరగంటలో ముగిసిన పాఠ మది. దానినే మీకు చెప్పుచున్నాము.

మొదట కారును చదునైన నేలపై నిలుపవలెను. వాలుపై నిలిపినచో ద్రవములన్నియు ఒక ప్రక్కకు చేరి లెక్క తప్పును. ఉదయము, ఇంజను చల్లగా నున్నపుడు చూచుట మేలు. బండి నడిచి వచ్చినయెడల, నూనె క్రిందికి దిగుటకు పది నిమిషములైనను ఆగవలెను.

ఇంజను ఆయిలునకు పొడుగాటి సన్నని కడ్డీ యొకటి యుండును. మేస్త్రీలు దానిని డిప్‌స్టిక్కందురు. దాని పిడి సాధారణముగా పసుపుపచ్చగానో, నారింజవన్నెగానో యుండును. దానిని పైకిలాగి, నూగు రాలని పాతగుడ్డతో తుడిచి, మరల అడుగువఱకు దింపి, మరల తీసి చూడవలెను. కొనయందు రెండు గుఱుతులుండును. నూనెతడి ఆ రెంటి నడుమ నుండవలెను. క్రింది గుఱుతునకు తగ్గినచో కొంచెము కొంచెముగా పోసి మరల చూడవలెను. ఎక్కువ పోసిన మంచిదని తలంపరాదు. పులుసులో ఉప్పువలెనే ఇదియు నెక్కువైనను చెఱుపే. లోపల తిరుగు ఇరుసు ఆ నూనెను చిలికి నురుగు చేయును; నురుగు యంత్రమును కాపాడలేదు. ఏ రకపు నూనె పోయవలెనో కారుతో నిచ్చిన పుస్తకములో నుండును. నూనె నల్లబడినంతనే భయపడ నక్కఱలేదు. డీజిలు బండ్లలో నది త్వరగానే నల్లబడును. కాని పాలు కలిపిన కాఫీవలె తెల్లతెల్లగా నున్నయెడల నీరు నూనెలో కలియుచున్నదని యనుమానించి, బండిని కదపక మేస్త్రీని పిలువవలెను.

రెండవది కూలెంటు. ఇంజను వేడిని మోసికొనిపోయి రేడియేటరులో చల్లార్చు ద్రవ మిది. దీని తొట్టిపైనను తక్కువ, ఎక్కువ యను రెండు గీతలుండును. బండి చల్లగా నున్నపుడు ద్రవ మా గీతల నడుమ నుండవలెను. ఇచట మన వంటింటి జ్ఞానము చక్కగా పనికివచ్చును. ప్రెషరు కుక్కరు పొయ్యిమీద నుండగా మూత తీయగూడదని మనలో నెఱుగనివారు లేరు. ఒత్తిడిలో నున్న నీరు నూఱు డిగ్రీలు దాటినను మఱగక యుండును. మూత తీసి యొత్తిడి తొలగించినంతనే ఒక్కసారిగా మఱగి పైకి చిమ్మును. కారులోని మూతయు నట్టిదే. ఆనాడు మా మరిది త్రిప్పబోయినది పొయ్యిమీది కుక్కరు మూత! ఆ సంగతి మేస్త్రీగారు చెప్పగా విని మేము గుండెపై చేయి వైచుకొంటిమి. ఆడువారిలో నొకరు బండి ప్రక్క నిలిచి, "అది కుక్కరువంటిది, ముట్టవద్దు" అని యనగలిగినచో నా లారీయన్న వచ్చువఱకు ఆగనక్కఱలేకపోయెడిది.

కూలెంటులో కొన్నింటిని శుద్ధజలముతో సమముగా కలిపి పోయవలెను. కొన్ని కలిపియే వచ్చును. సీసాపై వ్రాసియుండును. కొళాయినీరు ఎల్లప్పుడు పోసినచో అందలి లవణములు నీళ్లు కాచు పాత్రలోవలె పొఱకట్టి, సన్నని గొట్టములను పూడ్చును, లోహము త్రుప్పుపట్టును. త్రోవలో గత్యంతరము లేనపుడు, బండి పూర్తిగా చల్లారిన పిదప, మంచినీరే పోసికొనవచ్చును. ఇంటికి చేరిన తరువాత మార్పించవలెను. మఱొక హెచ్చరిక. సాధారణముగా వాడు కూలెంటు తియ్యగా నుండు విషము. ఆ సీసాను పిల్లలకు, పిల్లులకు, కుక్కలకు అందనీయరాదు. నేలపై నొలికినచో వెంటనే కడిగివేయవలెను.

మూడవది బ్రేకు ఆయిలు. డ్రైవరు వైపున చిన్న తొట్టిలో నుండును. మనము పాదముతో నొక్కిన బలమును చక్రములకు చేర్చునది యీ ద్రవమే. దీనికొక గుణము కలదు. వానకాలమున మూతలేని జాడీలో ఉప్పు చెమ్మగిల్లునట్లు, ఇది గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ 4 అను రకము క్రొత్తగా నున్నపుడు 230 డిగ్రీల వఱకు మఱగదు; తేమ పీల్చిన పిదప 155 డిగ్రీలకే మఱగవచ్చును. కొండ దిగునపుడు బ్రేకులు మాటిమాటికి త్రొక్కుటచే చక్రములకడ తీవ్రమైన వేడి పుట్టును. అచట ద్రవము మఱగి బుడగలు లేచినచో, పాదము క్రింది పలక మెత్తగా అడుగంటిపోవును, బండి ఆగదు. అందుచే రెండేండ్ల కొకమాఱు దీనిని మార్పించుమని మేస్త్రీలు చెప్పుదురు. ఇందులో వేఱొక నూనె యొక్క చుక్కయైనను పడరాదు. రబ్బరు భాగములు చెడిపోవును. రంగుపై నొలికినచో రంగు లేచిపోవును గనుక వెంటనే నీటితో కడుగవలెను.

అద్దము కడుగుకొను నీటితొట్టి నాలుగవది. చిన్నదేగాని సంజవేళ పురుగులు అద్దమున కంటుకొన్నపుడు దాని విలువ తెలియును. పాత బండ్లలో స్టీరింగునకు వేఱుగా ఆయిలుండును. క్రొత్తవానిలో చాలవఱకు విద్యుత్తుతోనే పనిచేయును. బ్యాటరీకి మూతలున్నచో శుద్ధజలము చూడవలెను. విద్యుత్తుకారులు కొనుచున్న సోదరీమణులు తమకివేవియు లేవని తలంపరాదు. వానిలో ఇంజను ఆయిలు లేకపోయినను బ్రేకు ఆయిలుండును. పెక్కింటిలో కూలెంటును ఉండును.

కడపటిది మాకు మిక్కిలి నచ్చిన చిట్కా. రాత్రి బండి నిలుపుచోట క్రింద పాత అట్టముక్క పఱచి, తెల్లవాఱి చూడవలెను. నల్లనిదో, గోధుమవన్నెదో జిడ్డుమరక యున్నచో ఇంజను ఆయిలు. పచ్చనో ఎఱ్ఱనో రంగునీరైనచో కూలెంటు. చక్రము దగ్గఱ జిడ్డున్నచో బ్రేకుల సంగతి చూపించుకొనవలెను. చల్లగాలి యంత్రము వేసినపుడు పడు రంగులేని నీటిచుక్కలు మాత్రము నిరపాయము. ముగ్గులు చదువగలవారికి మరకలు చదువుట కష్టము కాదు.

పాఠము విన్న మఱునాడే మేము బానెట్టెత్తితిమి. ప్రయాణమునకింక మూడు దినములు. ఆయిలు సరిగా నున్నది. కూలెంటు నిండుగా నున్నది. బ్రేకు ఆయిలు మాత్రము క్రింది గీతకంటె కొంచెము దిగువ నుండెను. నెల క్రిందటనే సర్వీసు చేయించి, అన్నియు చూచితిమని వ్రాసియిచ్చిన కాగితము మా చేతిలో నున్నది. మావారు, "ఒక సీసా తెచ్చి పోసిన సరిపోవును గదా" యనిరి. మేమును అట్లే యనుకొంటిమి గాని యెందుకో మనసొప్పక మేస్త్రీగారిని పిలిపించితిమి.

ఆయన చూచి, "అమ్మగారూ, ఇది ఇంజను ఆయిలులాగా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారాలి, లేదా ప్యాడ్లు అరగాలి. ప్యాడ్లు అరిగినకొద్దీ లోపలి పిస్టను ముందుకు జరుగుతుంది, ఆ ఖాళీలోకి ఆయిలు దిగుతుంది. పైన పోస్తే గీత నిండుతుంది; లోపలి సంగతి నిండదు" అని చెప్పి, ముందరి చక్రములూడదీసెను. ప్యాడ్లు అట్టముక్కలవలె పలుచనై యుండెను. "వీటితో ఊళ్లో తిరగవచ్చు. దోర్నాల ఘాటు మాత్రం దిగకండి" అని చేతులు తుడుచుకొనెను. మా బండికి తగిన ప్యాడ్లు విజయవాడనుండి రావలెను. అందుకు మూడు దినములు, బిగించుటకొక పూట.

ఇంట చిన్న కలహమే నడచినది. కొండపై ముందుగా కట్టిన గదిసొమ్ము పోవును. మావారి సెలవు మారవలెను. బయలుదేరుటకు చూచుకొన్న మంచి ఘడియ దాటిపోవును. మా మరిది, "మెల్లగా నడిపిన నేమి?" యనెను. మావారు మాటలాడక కాగితమును మడిచి విప్పుచుండిరి. మేము అత్తగారి మొగము చూచితిమి. రెండేండ్లనుండి గూటిలో నున్న ముడుపు; ఆమె వయస్సు; ఈసారియు తప్పిన మరల నెన్నడో యను బెంగ మా కందఱకు నుండెను. ఆమెయే తేల్చి చెప్పిరి: "మల్లన్న కొండ విడిచి ఎక్కడికి పోతాడు? నేను పోతాననా మీ భయం? నా ముడుపు నాల్గురోజులు ఆగుతుంది. ఈ బిడ్డ కోసం కట్టిన ముడుపు, ఈ బిడ్డనే లోయలో పెట్టడానికి కాదు." అంతటితో మాట ముగిసినది. గదిసొమ్ము పోయినది. ప్రయాణము వెనుకకు జరిగినది.

క్రొత్త ప్యాడ్లు వేయించి, బ్రేకు ఆయిలు పూర్తిగా మార్పించి, బయలుదేరునాటి వేకువను టార్చిదీపముతో మేమే మరల నన్నియు చూచుకొంటిమి. అయిదు నిమిషములైనను పట్టలేదు. చిన్నమ్మాయి గుడ్డ పట్టుకొని నిలిచినది. వెనుక డిక్కీలో నొక లీటరు ఆయిలు, కూలెంటు సీసా, అయిదు లీటరుల నీరు, పాతగుడ్డలు ఉంచితిమి. పులిహోర మూటలకు ప్రక్కన గాక వేఱుగా నొక పెట్టెలో నుంచితిమని వేఱుగా చెప్పనక్కఱలేదు.

తెల్లవాఱు వెలుగులో నరసరావుపేట దాటుచుండగా కోటప్పకొండ మూడు శిఖరములతో కనబడెను. అత్తగారు చేతులు జోడించి తండ్రిగారి ప్రభబండిని తలచుకొనిరి. వినుకొండలో కాఫీ త్రాగితిమి. కవి గుఱ్ఱము జాషువ 1895వ సంవత్సరమున జన్మించిన యూరది. శ్రీశైలమునకు తూర్పు వాకిలియని పెద్దలు చెప్పు త్రిపురాంతకమున దిగి స్వామికి నమస్కరించి, దోర్నాల చేరితిమి. అచట నీడలో నరగంట బండికి విశ్రాంతి నిచ్చితిమి.

ఘాటు ఎక్కునపుడు మా చూపు రెండు విధములుగా నుండెను. ఒకటి యడవిపై, ఒకటి వేడిముల్లుపై. వానలు వెనుదీసిన కాలము గనుక అడవి పచ్చగా నున్నది. వెదుళ్లు రోడ్డుమీదికి వంగియుండెను. మల్లన్నను అల్లునిగా భావించు చెంచువారి గూడెములు అచ్చటచ్చట కనబడెను. తుమ్మలబయలు వద్ద అడవిని చూపు జీపులు నిలిచియుండెను. రెండేండ్ల క్రిందట మేము నిలిచిన మలుపు వచ్చెను. ఆ రాయి యచటనే యున్నది. అత్తగారు చూచిరి, మేమును చూచితిమి, ఎవరమును మాటలాడలేదు. ముల్లు నడుమనే నిలిచి కదలలేదు.

శిఖరేశ్వరమున అత్తగారు తెచ్చిన నువ్వులను నందిపై చల్లి, కొమ్ముల నడుమనుండి ఆలయశిఖరమును చూచిరి. ఆ శిఖరము చూచినవారికి పునర్జన్మము లేదని నమ్మిక. పాలధార పంచధారకు దిగు మెట్లు పెక్కు గనుక ఆమెను పైననే యుంచి, మేము పోయి వచ్చితిమి. తోవలో మన రాకకు సాక్ష్యము వ్రాసికొను సాక్షిగణపతిని దర్శించి, మధ్యాహ్నమునకు క్షేత్రము చేరితిమి. ద్వాదశ జ్యోతిర్లింగములలో నొకటి, అష్టాదశ శక్తిపీఠములలో నొకటి ఒక్కచోట వెలసిన క్షేత్రమిది. పూర్వము యాత్రికులు అడవిదారుల కాలినడకను దినముల తరబడి వచ్చెడివారు. పదునాలుగవ శతాబ్దమున రెడ్డిరాజగు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకు, అహోబలమునకు మెట్లు కట్టించెనని చరిత్ర చెప్పుచున్నది. ఆనాటివారికి రాతిమెట్టు ఎట్టిదో, మనకు నేడు మంచి బ్రేకు అట్టిది.

మఱునాటి వేకువ పాతాళగంగనుండి చెంబుతో కృష్ణానీరు తెచ్చి అత్తగారి శిరమున చల్లితిమి. దర్శనమైనది. చిన్నమ్మాయి చేతిని పట్టుకొని, ఆ చేతితోనే ముడుపును హుండీలో వేయించిరి. బయటకు వచ్చి మంటపమున గూర్చుండి, "ఇక నాకు గూటిలో ఏమీ లేదు" అనిరి. ఆ మాటలోని తేలికదనము మా యందఱి గుండెలకును తగిలినది.

దిగునపుడు మేస్త్రీగారు చెప్పినట్లు రెండవ గేరులో నుంచి, ఇంజనే బండిని పట్టునట్లు చేసి, బ్రేకును అవసరమైనంత మాత్రమే త్రొక్కితిమి. కొండ ఎక్కిన గేరుతోనే కొండ దిగవలెనని డ్రైవరులలో నొక మాట కలదు. ప్రతి మలుపునను పాదము క్రింద పలక గట్టిగా నిలిచెను. ఆ పలుచని ప్యాడ్లను మేస్త్రీగారి చేతిలో చూచియుండనిచో, ఈ మలుపులలో నేమి జరిగియుండునో యని మావారు ఒక్కమాఱు మెల్లగా ననిరి. మేము బదులు చెప్పలేదు.

సగము దిగిన పిదప ఎదురుగా ఎక్కుచున్న కారొకటి ఆవిరి చిమ్ముచు నిలిచియుండెను. లోపల పసిబిడ్డతో నొక తల్లి. వెలుపల నొక యువకుడు తువ్వాలు చేతికి చుట్టుకొనుచున్నాడు. మేము బండి ఆపునంతలోనే కిటికీనుండి అత్తగారు, "నాయనా! మూత ముట్టుకోకు! కుక్కరు అది, కుక్కరు!" అని కేకవేసిరి. అతడు నిలిచిపోయెను. బండి చల్లారువఱకు వారితో నుండి, తల్లీబిడ్డలను మా కారులో గూర్చుండబెట్టి, పులిహోర పెట్టి, పిదప మా డిక్కీలోని నీరు పోసి, వారిని వెనుకకు మరలించి దోర్నాల వఱకు తోడు వచ్చితిమి. పేరు చెప్పని లారీయన్న ఋణము కొంత తీరెనని మాకు తోచినది.

సోదరీమణులారా, కారు నడపుట యెఱిగినవారైనను, ఎఱుగనివారైనను, ఇది మన పనిగా నెంచుడు. ఇంజను విప్పుట మన పని కాకపోవచ్చును. చూచుట, తగ్గినదని చెప్పుట, తగ్గిన కారణము తెలియువఱకు ప్రయాణము నాపుట మన పనియే. దూరప్రయాణమునకు వారము ముందొకమాఱు చూడుడు. మరమ్మతునకు వ్యవధి యుండును. మేము మూడు దినములే యుంచుకొని గదిసొమ్ము పోగొట్టుకొంటిమి. బయలుదేరునాటి యుదయమున మరల నొకమాఱు చూడుడు. కొబ్బరికాయ కొట్టి నిమ్మకాయలు చక్రముల క్రింద నుంచునప్పుడు, ఆ చేతితోనే బానెట్టును ఎత్తి చూడుడు. మా యింట నిపుడు ప్రతి ప్రయాణమునకు ముందు అత్తగారు వాకిట నిలిచి, "కందెన చూశారా?" అని యడుగుదురు. పిల్లలు నవ్వరు. చూచితిమని చెప్పిన పిదపనే గడప దాటుదురు.